నాలుక వాటా

ఈడెన్ అనగానే మనకి బైబిల్లోని తోట గుర్తొస్తుంది. ఆదాము, హవ్వ, ఆ పండు! ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలో ఉన్న ఈడెన్ అనే రేవు ఊరికీ ఆ తోటకీ ఏ చుట్టరికమూ లేదు. 1840 ప్రాంతాల్లో ఊరు కట్టాలనుకున్నప్పుడు ఆక్లండ్ ప్రభువు జార్జి ఈడెన్ ఇంటిపేరు తెచ్చి తగిలించారు. ఈయన మనం ఎరగని మనిషేం కాదు. 1836 నుంచి 1842 దాకా మన దేశాన్ని ఏలిన గవర్నర్ జనరల్. కలకత్తాలో క్రికెట్ ఆడే ఈడెన్ గార్డెన్స్ కి ఆయన అక్కచెల్లెళ్ళ పేరే. ఎక్కడి ప్రభువు, ఎక్కడి తిమింగలాల రేవు!

మెల్బోర్న్ లో ఉంటున్న మా చెల్లెలి కొడుకు "పెద్దమ్మా, తిమింగలాల ఊరు చూపిస్తా, పదండి" అని మా ఇద్దర్నీ కారెక్కించాడు. మావారు పుట్టి పెరిగింది విశాఖపట్నం. ఏ రేవు చూసినా "మన డాల్ఫిన్స్ నోస్ ముందు ఇదెంత?" అనడం ఆయనకి అలవాటు. ట్వోఫోల్డ్ అఖాతం చూశాక మాత్రం కిక్కురుమనలేదు. ఊరున్న కొండకొమ్ము మధ్యకి చొచ్చుకొచ్చి సముద్రాన్ని రెండు పాయలు చేసింది. ఒడ్డు దగ్గరే లోతు.

ఆ ఒడ్డునే, కోకోరా బీచి నుంచి ఆస్లింగ్స్ బీచి వైపు, ఒక కాలిబాట ఉంది. కథల బాట అంటారు. థావా అనే ఆదివాసుల చరిత్రని దారి పొడుగునా పలకల మీద రాసిపెట్టారు. నిజానికి ఇది ఒక మహా మార్గానికి తోక లాంటిది. బుండియన్ వే అనే ఆ మార్గం 365 కిలోమీటర్లు. ఆస్ట్రేలియాలోకెల్లా ఎత్తయిన కొసియస్కో శిఖరం నుంచి ఈ అఖాతం దాకా, ఎన్నో తరాల పాదాలు తొక్కి వేసిన దారి. వేసవిలో కొండ రాళ్ళ సందుల్లో బొగాంగ్ అనే రెక్కల పురుగులు కుప్పలు తెప్పలుగా చేరతాయి. వాటిని కాల్చుకు తినడానికి సముద్రం వాళ్ళు కొండెక్కేవారు. తిమింగలాల రుతువులో కొండవాళ్ళు సముద్రానికి దిగేవారు. మనం పుష్కరాలకి వెళ్ళినట్టే, తిండీ, పెళ్ళి మాటలూ, పూజా పునస్కారం అన్నీ ఒక్క ప్రయాణంలోనే.

ఈ ఊళ్ళో ఒక మ్యూజియం ఉంది. అందులో ఒక అస్థిపంజరం. దాని పేరు ఓల్డ్ టామ్. అది కిల్లర్ వేల్. పేరుకే వేల్ గానీ డాల్ఫిన్ల కుటుంబం. 1930 సెప్టెంబరులో దాని శవం ఈ అఖాతంలోనే తేలింది. పళ్ళు ఒక పక్క అరిగిపోయి ఉన్నాయి చూడండి, పడవ తాళ్ళు నోట కరిచి లాగీ లాగీ అలా అరిగాయని ఊరివాళ్ళంటారు.

పడవ తాడు దానికెందుకూ అంటే, అక్కడే ఉంది అసలు కథ. పెద్ద తిమింగలాలు ఈ తీరం వెంట పోతుంటే కిల్లర్ వేళ్ళు గుంపుగా చుట్టుముట్టి అఖాతంలోకి తోసుకొచ్చేవి. వాటిలో ఒకటో రెండో వేటగాళ్ళుండే నదీముఖం దగ్గరకొచ్చి, తోకతో నీటి మీద దబదబా చరిచేవి. "లేవండి, వచ్చింది" అని! వేటగాళ్ళు పడవలు తోసుకుని వెళ్ళి పొడిచేవారు. చచ్చిన తిమింగలాన్ని వెంటనే ఒడ్డుకి లాగరు. ఒకటి రెండు రోజులు నీళ్ళలోనే లంగరేసి వదిలేస్తారు. కిల్లర్ వేళ్ళు దాని నాలుకా పెదవులూ తిని పోతాయి. మిగిలిన కొవ్వూ ఎముకా మనుషులకి. దీన్నే నాలుక ఒప్పందం అనేవారు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటాం మనం. అక్కడ మాత్రం దశాబ్దాల తరబడి మాట నిలబడింది ఆ నాలుక మీదే.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ కథంతా డేవిడ్సన్ అనే తెల్ల వేటగాళ్ళ కుటుంబం కథగా కనిపిస్తుంది. వాళ్ళు మంచివాళ్ళే, పడవల్లో ఉన్న థావా మనుషులకి తెల్లవాళ్ళతో సమానంగా వాటా ఇచ్చేవారట. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. కానీ ఆ జంతువులతో స్నేహం డేవిడ్సన్లు కనిపెట్టింది కాదు, థావా వాళ్ళ దగ్గర నేర్చుకున్నది. చనిపోయిన తమ వేటగాళ్ళే కిల్లర్ వేళ్ళయి తిరిగొస్తారని వాళ్ళ నమ్మకం. ఇది వినగానే నాకు మా అత్తగారు తద్దినం నాడు పెరట్లో పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూడడం గుర్తొచ్చింది. కాకి ముట్టకపోతే ఆవిడ కళ్ళు చెమర్చేవి. మావగారికి ఏం కోపం వచ్చిందో అని!

1901లో ఒడ్డున చిక్కుకున్న ఒక కిల్లర్ వేల్ ని బయటినుంచి వచ్చినవాడొకడు పొడిచి చంపేశాడు. ఆదివాసులకి అది తాతని చంపినట్టే. ఆ తర్వాత గుంపులో చాలామటుకు తిరిగి రాలేదని చెప్పుకుంటారు. ఓల్డ్ టామ్ పళ్ళ నుంచీ దవడ నుంచీ తీసిన పొడితో చేసిన డి.ఎన్.ఎ. పరిశోధన 2023లో వెలువడింది. ఆ వంశం ఇప్పుడు అంతరించిపోయినట్టే ఉందని తేలింది. ఆ పరిశోధనలో ఒక థావా పెద్దాయన కూడా భాగస్వామి.

ఇక బెంజమిన్ బాయిడ్. 1840లలో ఈ అఖాతం పక్కనే తన పేరుతో బాయిడ్‌టౌన్ కట్టించిన లండన్ షావుకారు. 1847లో పసిఫిక్ దీవుల మనుషుల్ని ఓడల్లో తెచ్చి, చవక కూలీలుగా వాడుకోబోయాడు. వాళ్ళు రాసుకున్నదేమిటో వాళ్ళకే తెలియని కాగితాల మీద! మన వాళ్ళని ఫిజీకీ, మారిషస్ కీ ఎక్కించిన ఓడలు గుర్తొచ్చి ఆ పలక దగ్గర కాసేపు నిలబడిపోయాను. ఆ మనిషి పేరుతోనే ఇక్కడి జాతీయ వనం యాభై ఏళ్ళు నడిచింది. 2022లో మార్చారు. ఇప్పుడది బియోవా జాతీయ వనం. థావా భాషలో బియోవా అంటే కిల్లర్ వేల్.

అఖాతం దక్షిణ కొమ్మున బాయిడ్ కట్టించిన రాతి బురుజు ఒకటుంది. దీపస్తంభం చేద్దామనుకున్నాడు, దీపం వెలగలేదు. తర్వాత తిమింగలాల కోసం కాపు కాసేవాళ్ళు దాన్ని ఎక్కేవారు. పైన రాతిలో చెక్కిన అతని పేరు ఇంకా అలాగే ఉంది. "దీన్ని చెరపలేదేం?" అన్నారు మావారు. "రాయి కదా పెదనాన్నా" అన్నాడు మావాడు, కారు తాళాలు వెతుక్కుంటూ.