ముందు చేరిన అంకె



మీలో ఆఫీసుల్లో పనిచేసినవారికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఒక సోమవారం ఉదయం వెళ్ళేసరికి బల్ల మీద టైపు చేసిన కాగితం కనిపిస్తుంది. నేటి నుంచి ఎక్స్‌టెన్షన్ నంబర్లన్నీ మూడంకెలు. నిన్నటిదాకా క్యాషియరు గారికి 23 తిప్పితే చాలు, ఇవాళ 223 తిప్పాలి. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: "కొత్తగా చేరినవాళ్ళకు కొత్త నంబర్లు ఇచ్చుకోండి. మా నంబర్ల జోలికి ఎందుకొచ్చారు?"

న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు కావాలంటే నూరేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మొదలయ్యాయి. అప్పుడు ఫోను కలిపేది యంత్రం కాదు, మనిషి. ఆపరేటరు బోర్డు ముందు కూర్చుని, మనం అడిగినవారి రంధ్రంలో తీగ గుచ్చేవాడు. పేరు చెప్పినా పని జరిగేది. చాలాకాలం తరువాత కూడా మన ఆఫీసుల్లో ఇదే పద్ధతి నడిచింది. "మేనేజరు గారికి ఇవ్వమ్మా" అంటే ఆపరేటరమ్మ కలిపేది. ఆయన సీట్లో లేకపోతే ఆ సంగతీ తనే చెప్పేది.

ఆ మనిషి స్థానంలో యంత్రాన్ని పెట్టినవాడు అమెరికాకు చెందిన ఆల్మన్ స్ట్రోజర్. అంత్యక్రియలకు ఏర్పాట్లు చేయడం ఆయన వృత్తి. తనకు రావలసిన ఫోన్లను ఆపరేటరు పోటీదారుడికి కలుపుతోందన్న అనుమానంతో ఈ ఆలోచన చేశాడని ఒక కథ చెబుతారు. 1891లో ఆయనకు పేటెంటు దక్కింది. మరుసటి ఏడు ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్ పట్టణంలో తొలి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి పని ప్రారంభించింది.

ఆ పద్ధతిలో స్థిరపడిన యంత్రం ఎలా నడిచేదో చూడండి. తీగల కొసలు పది వరుసలుగా, వరుసకు పది చొప్పున అమర్చి ఉంటాయి. మీరు 2 తిప్పితే యంత్రపు చెయ్యి రెండు మెట్లు పైకి లేస్తుంది. తరువాత 3 తిప్పితే ఆ వరుసలో మూడడుగులు పక్కకు జరుగుతుంది. అక్కడున్నది 23. పది పదులు వంద. రెండంకెలతో అంతకు మించి చోటు లేదు. అందులోనూ 0 బయటి లైనుకు, 9 ఆపరేటరుకు అని రెండు వరుసలు పక్కన పెడితే, మిగిలేవి ఎనభై.

ఎనభై ఒకటో మనిషి వస్తే? ఏ వందలోకి వెళ్ళాలో తేల్చే మరో యంత్రాన్ని ముందు నిలబెట్టాలి. ఇంటి నంబరుకు ముందు వీధి పేరు చేర్చినట్టన్నమాట. అందుకే కొత్త అంకె వెనకాల కాక ముందు చేరింది.

మరి పాతవాళ్ళకు రెండంకెలు, కొత్తవాళ్ళకు మూడంకెలు ఇవ్వకూడదా? ఇవ్వవచ్చు, ఒక షరతు మీద. 23 ఒకరిదీ 234 ఇంకొకరిదీ కాకూడదు. 2, 3 తిప్పగానే గంట మోగించాలా, నాలుగు కోసం ఆగాలా అన్నది యంత్రానికి తెలియదు. అందుకని 4తో మొదలయ్యేవన్నీ మూడంకెలని ముందే కేటాయించాలి. ఆ వరుస అప్పటికే నిండిపోయి ఉంటే, అందరి నంబర్లూ మార్చక తప్పదు.

తరువాత ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. 1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడింది. అది తయారు చేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పనిచేయడం మొదలుపెట్టింది. రాణీ చెన్నమ్మ కిత్తూరే అది. ఇలాంటి యంత్రాల్లో నంబరు తీగకు అంటిపెట్టుకుని ఉండదు, జ్ఞాపకంలో రాసిన పట్టికలో ఉంటుంది. మార్చడం తేలికైంది కానీ, 23కూ 234కూ మధ్య తగాదా మాత్రం తీరలేదు.

ఆ తగాదా ఎంతదాకా పోగలదో నేను కళ్ళారా చూశాను. మా పెద్దమ్మ ఒక సరిహద్దు పట్టణంలో ఆసుపత్రిలో ఉంది. ఊరి పేరు వద్దులెండి. అర్ధరాత్రి ఆమెకు ఆయాసం ఎక్కువైంది. నర్సు డాక్టరు గదికి రెండంకెలు తిప్పింది. ఫోనులో చప్పుడు లేదు. పెట్టేసి మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. ఆ వారమే నంబర్లు మూడంకెలయ్యాయి. యంత్రం పాడవలేదు, మూడో అంకె కోసం ఎదురుచూస్తోంది. మార్పు కాగితం అధికారుల గదుల దాకా వచ్చింది కానీ వార్డులోకి రాలేదు. చివరికి ఆయా మెట్లెక్కి పరుగెత్తి డాక్టరును పిలుచుకొచ్చింది. పెద్దమ్మ బతికింది.

దేశానికీ ఇదే అవసరం వచ్చింది. 2003 జాతీయ ప్రణాళిక ప్రకారం ఎస్.టి.డి. కోడు ముందున్న సున్నాను వదిలేస్తే, కోడూ నంబరూ కలిసి పదంకెలు. ఆ రోజుల్లోనే మన ఇళ్ళ నంబర్ల ముందు 2 వచ్చి కూర్చుంది. బళ్ళారి 08392, హోసూరు 04344, గడ్చిరోలి 07132. వీటికి ఊరి నంబరు ఆరంకెలు. బరంపురం 0680కి ఏడంకెలు. యానాం పాలన పుదుచ్చేరిది, కోడు మాత్రం కాకినాడదే, 0884. బళ్ళారి, అనంతపురం వేరు వేరు రాష్ట్రాల్లో ఉన్నా రెండు కోడులూ 08తోనే మొదలవుతాయి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్ నంబరుకు ముందు సున్నా తిప్పమన్నదీ ఈ లెక్కలోనే. ఆ ఒక్క సున్నాతో సుమారు 254 కోట్ల కొత్త నంబర్లకు చోటు దొరికింది.

శ్రోతలారా, మనుషులు పెరిగితే అంకెలు పెరగక తప్పదు. కానీ యంత్రంలో పట్టిక మార్చడానికి ఒక పూట చాలు, మనిషి వేలికి అలవాటు మారడానికి నెలలు పడుతుంది. మీ ఆఫీసులో, బడిలో, ఆసుపత్రిలో ఇలాంటి మార్పు వస్తే, కొత్త పట్టికను మొదట రాత్రి డ్యూటీ చేసేవారి ఫోను పక్కన అంటించండి. అక్కడ ఎవరికి ఏ లిపి వస్తే ఆ లిపిలోనే రాయండి. పెద్ద అధికారి బల్ల మీదికి అది కాస్త ఆలస్యంగా చేరినా ఫరవాలేదు.