రిజర్వ్ నుంచి రిజర్వ్ దాకా

భిలాయిలో ఇంధనం లెక్క ఉక్కు కర్మాగారంతో పాటే పుట్టింది. 1955 ఫిబ్రవరిలో భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఫర్నేస్ ఎలా నడుస్తోందో చెప్పడానికి ఉక్కు కర్మాగారాలవాళ్లు ముందుగా చూసే అంకెల్లో కోక్ రేట్ ఒకటి, అంటే టన్ను హాట్ మెటల్‌కు ఎన్ని కిలోల కోక్ పట్టిందన్నది. చూడ్డానికి ఒక్క భాగహారమే. కానీ ఓవెన్‌లోంచి ఎర్రగా బయటికొచ్చిన కోక్ మీద నీళ్లు కొట్టి చల్లారుస్తారు. తూకంలో ఆ నీటి బరువూ కలిసే ఉంటుంది. నమూనా తీసి, ఎండబెట్టి, తేమ ఎంతో తేల్చి, దాన్ని మినహాయిస్తేగానీ పొడి కోక్ ఎంతో తెలియదు. కాటా అబద్ధం చెప్పదు, అడిగినదానికి మాత్రమే జవాబిస్తుంది. ఫర్నేస్‌లోకి ఎంత బరువు పడిందని అడిగితే చెబుతుంది. అందులో మండేదెంత అన్నది మనిషి లెక్కగట్టాల్సిందే. బండి డ్యాష్‌బోర్డు మీది మైలేజీ అంకెకూ ఇదే వర్తిస్తుందని నా వాదన.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్లి సెక్టర్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలతో సహా కర్మాగారం టౌన్‌షిప్ జనం షిఫ్టుకు మొదట సైకిళ్ల మీద, తర్వాత స్కూటర్ల మీద వెళ్లారు. ఆనాటి లాంబ్రెట్టాకైనా, బజాజ్‌కైనా మైలేజీ చూపే మీటరు లేదు. ఉన్నదల్లా ఆన్, ఆఫ్, రిజర్వ్ అని మూడు స్థానాలున్న పెట్రోల్ ట్యాప్. దేశమంతటా స్కూటరువాళ్లు మైలేజీ తేల్చింది దాంతోనే: బండి రిజర్వ్‌లో పడగానే కొలిచి ఒక లీటరు పోయించి, మళ్లీ రిజర్వ్‌లో పడేదాకా నడిపి, ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాసుకోవడం. మోటుగా కనిపించే ఈ పద్ధతి నిజానికి చాలా తెలివైనది. ట్యాంకు లోపల ట్యాప్ గొట్టం ఎత్తు మారదు. పెట్రోల్ ఆ మట్టానికి దిగిన క్షణాన ఇంజనే దగ్గి ఆగి చెబుతుంది. ఫుల్ ట్యాంకు కొట్టించినప్పుడు పంపు కుర్రాడి చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడే ఫుల్. రిజర్వ్‌కు ఆ బాధ లేదు. బండి వాలులో ఉంటే మాత్రం లెక్క కొంచెం తప్పుతుంది, కానీ భిలాయి చదునైన ఊరు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసిన రోజులు కనక ఆ లీటరులో కాస్త ఆయిల్ కూడా ఉండేదన్నది వేరే సంగతి.

1973 చమురు సంక్షోభం తర్వాత మైలేజీ ఇంటి బడ్జెట్‌లో అంశమైంది. 1978లో పెట్రోలియం పొదుపు కోసం పీసీఆర్‌ఏ అనే సంస్థ ఏర్పడింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి మైలేజీనే ప్రకటనగా మార్చేసింది. ఆ తర్వాతి పెద్ద మలుపు 2020 ఏప్రిల్‌లో బీఎస్-6. చాలా బైకులకు కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, ఇంధన పంపు ట్యాంకులో మునిగింది, దాంతో రిజర్వ్ ట్యాప్ మాయమైంది. దాని బదులు తెర మీదికి అంకె వచ్చింది.

ఆ అంకెను నమ్మేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో కంప్యూటర్‌కు తెలుసు, మనకు తెలియదు కదా అంటారు. నిజమే. కానీ దానికి తెలిసింది తెరుచుకున్న సమయమే, బయటికొచ్చిన పెట్రోల్ కాదు. ఇంత సమయానికి ఇంత అని ఫ్యాక్టరీలో రాసిన లెక్కతో గుణిస్తుంది. ఇంజెక్టర్ పాతబడినా, ప్రెజర్ మారినా ఆ గుణకం పాతదే. కిలోమీటర్లలోనూ తప్పు ఉండొచ్చు కదా, టైరు అరిగితే ఓడోమీటర్ ఎక్కువ చూపదా అని ఇంకొకరు అడగొచ్చు. చూపుతుంది, కానీ ఆ తప్పు రెండు లెక్కల్లోనూ సమానమే, ఎందుకంటే పోయించిన లీటర్లు రాసుకునే నోటుబుక్కూ ఆ కిలోమీటర్లనే వాడుతుంది. కాబట్టి తెరకూ నోటుబుక్కుకూ వచ్చే తేడా చాలావరకు పెట్రోల్ దగ్గరే. పంపు కొలతను కావాలంటే అక్కడే 5 లీటర్ల కొలపాత్రలో పోయించి చూసుకోవచ్చు. ఇంజెక్టర్‌కు ఆ పరీక్ష పెట్టలేం.

అయితే చేతిలెక్కను గుడ్డిగా సమర్థించడమూ పొరపాటే. రిజర్వ్ పోయాక ఫుల్ ట్యాంకే ఆధారం కనక, నాలుగు లీటర్లు పోయించిన చోట ఫుల్‌కు 200 మిల్లీలీటర్లు తక్కువ పడితే ఐదు శాతం తప్పు వచ్చేసింది. ఒక్కసారి కొట్టించి తెరను తిట్టేవాళ్లు చేసేది ఈ పనే. అదే 200 మిల్లీలీటర్లు నలభై లీటర్ల మొత్తంలో అర శాతమే. ప్రతిసారీ విడిగా భాగించకుండా లీటర్లన్నీ, కిలోమీటర్లన్నీ కూడి చివర ఒక్కసారి భాగించాలి.

ఇది ఇప్పుడు మరీ అవసరం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్ల, పాత పెట్రోల్‌కు తయారైన ద్విచక్ర వాహనాల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ఒక్క ట్యాంకు లెక్కలో వచ్చే తప్పుకన్నా అది చిన్నది. తెర సగటును రీసెట్ చేస్తే పాత అంకె చెరిగిపోతుంది కనక, తగ్గిందా లేదా అన్నది రెండేళ్ల కిందటి పేజీలున్నవాళ్లే తేల్చగలరు.