పొగగొట్టము ఘోషయు, ఇంజను బలమును

నేటి ప్రసంగవిషయము మోటారుబండి పొగగొట్టము. రాజుల కథలు, యుద్ధముల కథలు వినుట కలవాటుపడిన పెద్దలకు ఇది చరిత్రలో చేర్పదగినదేనా యను సందేహము కలుగవచ్చును. కాని అర్ధరాత్రమున ఒక కుఱ్ఱవాడు మోటారుసైకిలుపై ఉఱుమువలె గర్జించుచు మీ వీథిని పోయినపుడు ఉయ్యాలలోని శిశువు ఉలికిపడి యేడ్చును. పశువులు పలుపులు త్రెంపుకొనజూచును. మఱునాడు వానిని మందలించితిరేని, “సైలెన్సరు మార్పించితిని తాతా! బండికి బలము హెచ్చినది” అని బదులు చెప్పును. ఆ మాటలో నిజమెంత, భ్రమ యెంత? ఈ వివాదము నూఱేండ్లకు పైబడినది. దాని పూర్వవృత్తాంతము విన్నచో తీర్పు మీరే చెప్పగలరు.

మొదట ఈ శబ్దమెట్లు పుట్టుచున్నదో చూతము. 1876లో జర్మనీదేశీయుడగు నికోలాస్ ఓటో నాలుగడుగుల ఇంజనును నిర్మించెను. ఇంధనము కలిసిన గాలిని పీల్చుట, అదుముట, మండించుట, మసిగాలిని వెడలగొట్టుట యనునవి ఆ నాలుగడుగులు. మండిన గాలి పనిచేసిన పిదపకూడ బయటి గాలికంటె పెక్కురెట్ల ఒత్తిడి కలిగియుండును. చెఱువు తూము తలుపు ఒక్కసారిగా ఎత్తినపుడు నీరు దుమికినట్లు, ద్వారము తెఱచుకొనగనే ఆ గాలి బయటికి దుముకును. అదియే ఆ పేలుడు. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఒంటి సిలిండరు ఇంజను ఒక్క సెకనులో 25 మారులు ఇట్లు పేలును. నాలుగు సిలిండర్లున్నచో 100 మారులు. ఒక్కొక్కటిగా విడిగా వినబడక, అన్నియు కలిసి ఘోషయగును.

1886లో కార్ల్ బెంజ్ మోటారుబండికి పేటెంటు పొందిన పిమ్మట బండ్లు వీథికెక్కెను. నాటి వీథులలో గుఱ్ఱపుబండ్లే హెచ్చు. గుఱ్ఱములు ఈ చప్పుడునకు బెదరెడివి. అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి కొలంబస్ పట్టణవాసులు మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అను సోదరులు శబ్దము నణచు పెట్టెను కల్పించి, 1897లో పేటెంటు గైకొనిరి. పిదప హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను నతడు తుపాకి చప్పుడు నణచు సాధనమును, ఇంజను చప్పుడు నణచు సాధనమును గూడ తయారుచేసెను. మరతుపాకిని కల్పించిన మాక్సిమ్ దొర కుమారుడే యితడు. తండ్రి చప్పుడు చేయు యంత్రము చేయగా, కొడుకు చప్పుడు మాన్పు యంత్రము చేసెను!

ఈ పెట్టెలో గాలి గది నుండి గదికి విస్తరించి నెమ్మదించును. ధ్వనితరంగములు గోడలకు తగిలి యొకదాని నొకటి చంపుకొనును. అయితే దీనికి మూల్యము కలదు. మార్గము ఇఱుకైనచో ఇంజను తన బలములో కొంత ఆ మసిగాలిని నెట్టుటకే ఖర్చుచేయవలెను. పాతగాలి కొంత లోపల నిలిచి క్రొత్తగాలికి చోటు తగ్గును. అందుచేత ఆనాటి బండ్లలో పెక్కింటికి కాలితో త్రొక్కు చిన్న తలుపు అమర్చెడివారు. మిట్ట యెక్కునపుడు దానిని తెఱచి, మసిగాలిని పెట్టెలోనికి పోనీయక తిన్నగా విడిచెడివారు. తోలువానికి బలము దక్కెను; దారిప్రక్క నిండ్లవారికి నిద్ర దక్కదయ్యెను.

ఈ కలహము ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో ముదిరినది. సరే మండలములో వేబ్రిడ్జి యను ఊరి చెంత హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి తన సొంత నేలపై రెండుముప్పాతిక మైళ్ళ చుట్టుకొలత గల కాంక్రీటు పందెపుదారి కట్టించి, 1907 జూనులో తెఱచెను. ఆ నెలలోనే సెల్విన్ ఎడ్జ్ అనునతడు నేపియర్ బండిపై ఇరువదినాలుగు గంటలు తిరిగి 1581 మైళ్ళు నడపెను. రాత్రియంతయు దారి వెంబడి లాంతరులు వెలుగుచుండెను. లోకము మెచ్చెను గాని చుట్టుప్రక్కల గ్రామస్థుల కన్ను మూతపడలేదు. వారు మొఱపెట్టగా రాత్రి పరుగు నిషిద్ధమయ్యెను. కనుకనే 1929 మొదలు 1931 వఱకు అచట జరిగిన ఇరువదినాలుగు గంటల పందెమును రెండు ముక్కలు చేసిరి: పగలు పండ్రెండు గంటలు పరుగు, రాత్రి బండ్లకు తాళము, మఱునాడు మఱల పండ్రెండు గంటలు.

పగటి చప్పుడును గూర్చియు ఊరివారు ఊరకుండలేదు. 1924లో న్యాయస్థానము నాశ్రయించిరి. పర్యవసానముగా 1925 నుండి పందెపు బండ్లన్నిటికి పెద్ద సైలెన్సరు తప్పనిసరియయ్యెను. దాని కొస చేపతోకవలె వెడల్పుగ, పలుచగ అణచబడియుండును. వేగము తగ్గునని పందెగాండ్రు గొణిగిరి. కాని పందెములు ఆగలేదు. తుదకు ఆ చేపతోక గొట్టమే సోకైన వస్తువై సామాన్యపు మోటారుసైకిళ్ళ కెక్కినది!

ఇక బలము మాట. బావిలో రాయి వేసినచో అల దరికి తగిలి తిరిగివచ్చును గదా. గొట్టములోను అట్లే. పేలుడు వలన పుట్టిన ఒత్తిడి యల గొట్టపు కొసకు పోయి, పీల్చు అలయై వెనుకకు మరలును. ద్వారము తెఱచియున్న సమయమునకే అది చేరినచో మిగిలిన మసిగాలిని బయటికి లాగి, ఇంజనునకు మేలు చేయును. వేళ తప్పినచో కీడు చేయును. వేణువు పొడవును బట్టి స్వరమున్నట్లే, గొట్టపు పొడవును బట్టి ఆ మేలు ఏ వేగమున కలుగునో నిర్ణయమగును. అన్ని వేగములకు సరిపడు గొట్టము లేదు.

ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చినవాడు తూర్పు జర్మనీలో ఎమ్.జెడ్. కర్మాగారపు ఇంజనీరు వాల్టర్ కాడెన్. రెండడుగుల ఇంజనునకు, సన్నాయివలె మొదట విప్పారి పిదప మఱల సన్నగిలు గొట్టమును ఆతడు సానపట్టెను. విప్పారిన భాగము మసిగాలిని లాగును. సన్నగిలిన భాగము జాఱిపోవు క్రొత్తగాలిని తిరిగి లోనికి నెట్టును. 1961 నాటికి 125 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజను 25 అశ్వశక్తుల బలమిచ్చెను. ఆ యేడే కాడెన్ పందెగాడగు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడను పందెమున దేశము విడిచి పాఱిపోయి, ఆ రహస్యముతో జపానుదేశపు సుజుకీవారిని చేరెను. 1962లో ఆతడు సుజుకీ బండిపై 50 ఘన సెంటీమీటర్ల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. ఒక పొగగొట్టపు ఆకారమునకు అంతటి విలువ!

ఇపుడు మన కుఱ్ఱవాని మాట విచారింతము. గొట్టము మార్చినచో బలము హెచ్చుననుట పూర్తిగా అబద్ధము కాదు. కాడెన్ చరిత్రయే సాక్షి. కాని ఆతడు లెక్కించి, కొలిచి, పరీక్షించి మార్చెను. సైలెన్సరును ఊడదీసి బోలుగొట్టము తగిలించుట ఆ విద్య కాదు. నిర్మాతలు గొట్టమును, ఇంధనమును ఒకదాని కొకటి సరిపుచ్చి పంపుదురు. ఒకటి మార్చి రెండవది విడిచినచో లెక్క తప్పును. పెక్కుమార్లు ఊరివీథిలో నడచు తక్కువ వేగమున బండి లాగుడు తగ్గును. ఘోష మాత్రము హెచ్చును. చెవి దానినే బలమని భ్రమించును. చట్టమును అంగీకరింపదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము నిర్మాత ఇచ్చిన రూపమును ఇచ్చవచ్చినట్లు మార్చుట నిషేధించుచున్నది.

బ్రూక్‌లాండ్స్ గ్రామస్థులు బండ్లను ద్వేషింపలేదు. తమ నిద్రను మాత్రము కోరిరి. వారి పట్టుదల వలన పందెము చెడలేదు, సైలెన్సరు బాగుపడినది. కావున మీ మనుమలను కసరుటకు మాఱు ఈ కథ చెప్పుడు. నేర్పున్నవాడు చప్పుడు లేకయే బలము రాబట్టునని వారు గ్రహింతురేని, ఆ రాత్రి మీ వీథిలోని శిశువు సుఖముగా నిద్రించును.