పెరటి షెడ్డులో వేగసాధన

మన్రో అను పేరు వినగానే రాయలసీమ వారికి జ్ఞప్తికి వచ్చువాడు థామస్ మన్రో. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా ఉండి, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించిన దొర ఆయన. మేము ఇప్పుడు చెప్పబోవు మన్రో వేరు. ఈయన రాజ్యమేలినవాడు కాడు, శిస్తులు కట్టినవాడు కాడు. ఒక పాత మోటారు సైకిలును తన షెడ్డులోనే విప్పి, అరగదీసి, కరగబోసి, మరల బిగించి, నలుబది ఏండ్లకు పైగా దానితో కాపురము చేసినవాడు. ఆ బండి పేరు 'ఇండియన్'. పేరును చూచి అది మన దేశపు బండి యని పొరబడరాదు. జార్జి హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అను ఇరువురు 1901లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో ప్రారంభించిన వ్యాపారము నుండి వచ్చిన బండి అది. ఈ విధముగా మనకు పరిచితములైన రెండు పేర్లతో, మనకు అపరిచితమైన ఒక కథ ఉన్నది.

అసలు మోటారు సైకిలు చరిత్రయే ఫ్యాక్టరీలో మొదలు కాలేదు, పెరటిలో మొదలైనది. జర్మనీలో కాన్‌స్టాట్ అను ఊర గాట్లీబ్ డైమ్లర్ ఒక ఇల్లు కొని, తోటలోని అద్దాల గదిని పెంచి పనిశాలగా మార్చుకొన్నాడు. విల్‌హెల్మ్ మేబాక్ ఆయనకు తోడు. రేయింబవళ్లు లోపల సుత్తి చప్పుళ్లు వినుచుండగా, వీరు దొంగనాణెములు చేయుచున్నారేమో యని తోటమాలికి అనుమానము తగిలి పోలీసులకు చెప్పినాడట. పోలీసులు వచ్చి చూడగా అక్కడ ఇంజన్లు తప్ప వేరేమియు లేవు. ఆ పనిశాల నుండియే 1885లో చెక్క చట్రము మీద పెట్రోలు ఇంజను బిగించిన రెండు చక్రాల బండి వెలువడినది. దాని బలము అరగుర్రము, వేగము గంటకు 12 కిలోమీటర్లు. అమెరికాలో మిల్వాకీ నగరమున 1903లో హార్లే, డేవిడ్‌సన్ అను యువకులు పని మొదలుపెట్టిన చోటు కూడ అటువంటిదే. డేవిడ్‌సన్ వారి పెరటిలో పది అడుగుల వెడల్పు, పదునైదు అడుగుల పొడవు గల చెక్క షెడ్డు అది. ఆ కొట్టము తలుపు మీద కంపెనీ పేరు వ్రాసి పెట్టుకొనుటకు వారు సంకోచింపలేదు.

పెరటిలో పుట్టిన యంత్రము ఫ్యాక్టరీలకు చేరి లక్షల సంఖ్యలో బయటికి రాసాగినది. ఇక కొనువాని పని పెట్రోలు పోసి ఎక్కి కూర్చుండుటయే యని ఎవరైనను అనుకొందురు. కాని ఫ్యాక్టరీ ముగించిన పనిని తాను ముగిసినదిగా భావింపనివాడు అక్కడక్కడ ఒకడుండును. అట్టివాడు బర్ట్ మన్రో.

ఆయన 1899 మార్చి 25న న్యూజీలండు దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో జన్మించినాడు. వ్యవసాయ కుటుంబము. 1920లో, తన 21వ ఏట, కొత్త ఇండియన్ స్కౌట్ బండిని కొన్నాడు. చార్లెస్ ఫ్రాంక్లిన్ అను ఐరిష్ ఇంజనీరు రూపొందించిన బండి అది. ఇంజను 600 సి.సి., రెండు సిలిండర్లు ఆంగ్లాక్షరము 'వి' వలె చీలి నిలిచియుండును. కొన్ననాడు దాని పరమవేగము గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 88 కిలోమీటర్లు. ఆనాటి రోడ్లకు అది చాలును. మన్రోకు చాలలేదు. 1926 నుండి ఆయన దానిని మార్చ నారంభించినాడు.

పగలు మోటారు సైకిళ్లు అమ్ముట, బాగుచేయుట ఆయన వృత్తి. రాత్రి తన బండి పని. కావలసిన భాగములు కొనుటకు డబ్బు లేదు. ఉన్నను, ఆయన కోరిన భాగములు ఏ దుకాణములోను దొరకవు. కనుక ఆయన వానిని తానే చేసికొన్నాడు. పాత డబ్బాలను మూసలుగా చేసి, కరగిన లోహమును అందులో పోసి పిస్టన్లు తయారుచేసినాడు. పోత యినుప గొట్టములను కోసి సిలిండర్లుగా మలచినాడు. ట్రాక్టరు ఇరుసు నుండి కనెక్టింగు రాడ్లను చేతితో చెక్కి తీసినాడు. కొలుచుటకు మైక్రోమీటరు లేనిచోట, చక్రపు పాత స్పోకు ఒకటి కొలబద్ద యైనది.

ఈ శ్రమ అంతయు ఎందులకో తెలియవలెనన్న ఇంజను లోపల జరుగు పనిని కొంత తెలిసికొనవలెను. స్కౌట్ ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు లోనికి వచ్చు కవాటములు సిలిండరు ప్రక్కన ఉండినవి. వాయువు మూల తిరిగి లోనికి పోవలెను, మండిన పొగ మరల మూల తిరిగి బయటికి రావలెను. ఇరుకు సందులో బండ్లు నిలిచిపోయినట్లు, అధిక వేగమున ఆ దారి చాలదు. మన్రో కవాటములను సిలిండరు నెత్తి మీదికి తెచ్చి దారిని సూటిగా చేసినాడు. సిలిండర్లను వెడల్పు చేసి 600 సి.సి. ఇంజనును 850కి, చివరకు 950కి పెంచినాడు.

కాని ఒక భాగమునకు బలము కూర్చినచో ప్రక్క భాగము బలహీనమై బయటపడును. నిమిషమునకు అయిదువేల చుట్లు తిరుగు ఇంజనులో పిస్టను నిమిషమునకు పదివేల మార్లు ఆగి, మరల వెనుకకు మళ్లవలెను. తిరుగుడు రెండింతలైనచో ఆ లాగుడు నాలుగింతలగును. అందుచేత నెలల తరబడి చెక్కిన రాడ్డు ఒక్క క్షణములో విరిగి ఇంజనును చీల్చుకొని బయటికి వచ్చిన సందర్భములు ఆయనకు అనేకములు. విరిగిన ముక్కలను ఆయన పారవేయలేదు. షెడ్డులో ఒక అలమర మీద వరుసగా పేర్చి, దానిపై 'వేగదేవునికి నైవేద్యములు' అను అర్థము వచ్చునట్లు ఆంగ్లములో వ్రాసి ఉంచినాడు. అందులో హాస్యమున్నది, వినయము కూడ ఉన్నది. ఓటమిని దాచుకొననివాడే దాని నుండి నేర్చుకొనగలడు. విరిగిన ప్రతి ముక్కయు ఎక్కడ విరిగినదో, ఎందుకు విరిగినదో చెప్పు సాక్ష్యము.

ఇంజను బలము ఒక్కటియే చాలదు. గాలిని చీల్చుకొని పోవుటకు కావలసిన బలము వేగముతో పాటు సమముగా పెరుగదు; వేగము రెండింతలైనచో బలము ఎనిమిదింతలు కావలెను. 55 మైళ్ల నుండి 184 మైళ్లకు పోవుట యనగా వేగము మూడింతలకు పైచిలుకు. బండి ఆకారము మారనిచో దానికి సుమారు 37 రెట్ల బలము కావలెను. ఏ చిన్న ఇంజనును అంత బలము నీయలేదు. కనుక మన్రో చేప ఆకారము గల ఒక కవచమును చేసి, బండిని, తనను అందులో ఇముడ్చుకొన్నాడు. ఊరికి సమీపమున ఉన్న ఓరెటీ సముద్రతీరపు ఇసుక ఆయన పరీక్షాస్థలము.

అమెరికాలోని యూటా రాష్ట్రములో బాన్‌విల్ అను ఉప్పు మైదానమున్నది. పూర్వకాలపు మహాసరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పుపేట అది. కనుచూపు మేర తెల్లగా, బల్లపరుపుగా ఉండును. ప్రపంచములోని వేగసాధకులకు అది యాత్రాస్థలము. మన్రో 1957లో అచ్చటికి చూచుటకు మాత్రమే వెళ్లినాడు. 1962లో బండితో వెళ్లినాడు. అప్పటికి ఆయనకు 63 ఏండ్లు. ఆ సంవత్సరము 850 సి.సి. ఇంజనుతో గంటకు 178.95 మైళ్ల వేగమును సాధించి, 883 సి.సి. తరగతిలో రికార్డు నెలకొల్పినాడు. 1966లో 168.07 మైళ్లు. 1967లో 950 సి.సి. ఇంజనుతో వేయి సి.సి. లోపు తరగతిలో 183.59 మైళ్ల రికార్డు. ఆ యేడు అర్హత పరీక్షలో ఒకే దిశలో 190.07 మైళ్ల వేగము కూడ నమోదైనది. మనిషికి 68 ఏండ్లు, బండికి 47 ఏండ్లు.

ఈ కథకు ఒక అనుబంధమున్నది. గాలి వాటమును కొట్టివేయుటకై రికార్డు పరుగును ఒక మారు ఇటు, ఒక మారు అటు తీసి, రెండింటి సగటు కట్టుదురు. 1967లో ఆ సగటు కట్టుటలో పొరపాటు జరిగినది. మన్రో 1978 జనవరి 6న మరణించినాడు. తరువాత 36 ఏండ్లకు, 2014లో, ఆయన కుమారుడు పాత లెక్కలు చూచి తప్పును గుర్తించగా, అమెరికను మోటారు సైకిలు సంఘము వారు ఆ అంకెను 184.087గా దిద్దినారు. పెరిగినది గంటకు అరమైలు. లోకమునకు అది లెక్కలోనిది కాదు. కాని స్పోకుతో కొలుచుకొని వెండ్రుకవాసి తేడాలతో జీవితమును గడిపినవానికి ఆ అరమైలు న్యాయముగా రావలసిన బాకీ.

ఈ సాధనకు ఆయన చెల్లించిన వెలను చెప్పక విడుచుట చరిత్ర కాదు. 1925లో వివాహమైనది, నలుగురు బిడ్డలు కలిగినారు, 1947లో ఆ వివాహము విచ్ఛిన్నమైనది. తరువాత ఆయన ఉద్యోగమును కూడ మాని, తాళము వేసికొను ఒక చిన్న గ్యారేజీలో బండి ప్రక్కనే మంచము వేసికొని బ్రదికినాడు. ఆయన జీవితము ఆధారముగా రోజర్ డొనాల్డ్‌సన్ 2005లో తీసిన చలనచిత్రములో ఆంథొనీ హాప్‌కిన్స్ మన్రోగా నటించినాడు. తెర మీద ఆ గ్యారేజీ ముచ్చటగా కనిపించును. తెర వెలుపల అది ఒక ఇల్లు చెదరిన తరువాత మిగిలిన గది. ఏకాగ్రతను మనము మెచ్చుకొందుము. దాని నీడలో నిలిచినవారి సంగతిని కూడ ఒక క్షణము తలచుట ధర్మము.

ఇక మన ఇండ్ల మాట. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా వారు 350 సి.సి. బుల్లెట్ల తయారీ మొదలుపెట్టినారు. 1961లో మైసూరులో జావా ఫ్యాక్టరీ వెలసినది. ఆ బండ్లతో పాటు తెలుగు ఊళ్ల వసారాలలోనికి పానాల సంచి కూడ ప్రవేశించినది. మా చిన్నతనమున ఆదివారము ఉదయము పెద్దలు గోనెపట్టా పరచి బండి విప్పుట మేము చూచినాము. ప్లగ్గు తీసి మసి గీకుట, కాంటాక్టు పాయింట్లను ఆకురాయి కాగితముతో తుడుచుట, ట్యాపెట్ల సందు సరిచూచుట, చైను బిగి చూచి నూనె పెట్టుట, ఇవి ఇంటి పనులలో భాగములు. జావాకు పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. పాలు మరచినచో పిస్టను పట్టుకొనును. విప్పిన మరలను వరుస తప్పకుండ కాగితము మీద పేర్చి కాపలా కాయుట పిల్లల పని. ఒక్క మర గోనె మడతలోనికి జారినచో ఆ పూట అన్నము ఆలస్యమే.

నేటి బండ్లలో ఆ పనులు చాలవరకు లేవు. పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ జ్వలనము, కార్బురేటరు పోయి ఇంధనమును చిమ్ము యంత్రము వచ్చినవి. బండి రాయించక ఎక్కువ దూరము పోవుచున్నది; ఇది మేలే. కాని బండిని మార్చుకొను ఉబలాటము మాత్రము తగ్గలేదు. సైలెన్సరు తీసివేసి వీధి అదరగొట్టుటను కొందరు యువకులు ప్రతిభ అనుకొనుచున్నారు. ఇచట చట్టము మాట గుర్తుంచుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నమోదైన బండిని దాని తయారీదారు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగా మార్చుటను నిషేధించినది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ విషయమును ధ్రువపరచినది. మన్రో తన వేగమును పరులు నడచు వీధిలో గాక, ఉప్పు మైదానములో పరీక్షించుకొన్నాడు. ఆయన బండిలోని ప్రతి మార్పునకు ఒక కారణమున్నది. ఆ కారణము తప్పని తేలినప్పుడు దానికి అలమర మీద ఒక చోటున్నది.

కనుక మన్రో నుండి మనము తీసికొనవలసినది 184 మైళ్లను కాదు. ఇంటిలో ఉన్న యంత్రము పనిచేయు తీరును తెలిసికొనవలెనను కోరికను, విప్పినదానిని మరల బిగింపగల ఓర్పును. ఆ ఓర్పునకు పెద్ద పనిశాల అక్కరలేదు. ఒక గోనెపట్టా, నాలుగు పానాలు, ప్రక్కన కూర్చుండి మరలకు కాపలా కాయు ఒక పిల్లవాడు ఉన్నచో చాలును.