బళ్లారి పోయింది, చిత్తూరు వచ్చింది

రాయలసీమ అనగానే నాలుగు జిల్లాల పేర్లు వరసగా చెప్పేస్తాం. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు. ఈ నాలుగూ అనాదిగా ఒక్క చెట్టు కొమ్మలన్నట్టు మాట్లాడతాం గానీ, రికార్డులు వేరే కథ చెబుతాయి.

మైసూరు యుద్ధాల్లో ఈస్టిండియా కంపెనీ పక్షాన నిలిచినందుకు 1792లో కొంత, 1799లో కొంత టిప్పు సీమ నిజాం అలీఖాన్ వాటాకు వచ్చింది. ఆ ముచ్చట పదేళ్లైనా నిలవలేదు. తన రక్షణకు ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరు 12 ఒప్పందంతో ఆ నేలంతా తిరిగి కంపెనీకే రాసిచ్చాడు. యుద్ధం లేదు, ఊళ్లవాళ్లను అడిగిందీ లేదు. దత్తమండలాలు అలా పుట్టాయి.

మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. అప్పటికి ఇక్కడ ఎనభైమంది దాకా పాలెగాళ్లు, వాళ్ల కోటలు, వాళ్ల బంట్లు. వాళ్లను అణచడం, పొలం పొలమూ కొలిపించి రైతు పేరునే శిస్తు వేయడం, రెండూ చేశాడు. రైత్వారీకి ఇక్కడ పునాది పడింది అలాగే. శిస్తు తక్కువేం కాదు. అయినా బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయంటే, పాలెగాళ్ల చేతిలో జనం ఎంత నలిగారో ఊహించుకోవచ్చు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో ఈ సీమను చూడవచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు.

కలెక్టరు పని వదిలి ఆయన 1807లో వెళ్లిపోగానే, మరుసటి ఏడే దత్తమండలాలను బళ్లారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. ఇందులో కర్నూలు లేదు. అక్కడ నవాబు ఉన్నాడు. 1839లో గులాం రసూల్ ఖాన్‌ను దించి కంపెనీ ఆ గడ్డను కలుపుకుంది. 1858లో కడప నుంచి కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల, బళ్లారి నుంచి పత్తికొండ తెచ్చి చేర్చాకే కర్నూలు జిల్లా అయింది. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. చిత్తూరు వయసులో అన్నిటికంటే చిన్నది. 1911లో ఉత్తర ఆర్కాటు తాలూకాలకు కడపవైపు నుంచి మదనపల్లె, వాయల్పాడు జోడించి చేశారు. అంటే చిత్తూరు, చంద్రగిరి వైపు నేల నిజాం ఇచ్చిన దత్తమండలాల్లో ఎన్నడూ లేదు.

1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు. ఒకడు ఇంకొకడికి ఇచ్చేసిన మండలాలమని చెప్పుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం? తర్వాత 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. ఆ మాట మేరకే 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, మూడేళ్ల ముచ్చటగా.

ఆ 1953లోనే సీమకు అసలు కోత పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు ఇచ్చి, మిగతా బళ్లారిని మైసూరులో కలిపారు. పెద్దన్న వేరుపడ్డాడు, వెనకొచ్చిన చిత్తూరు ఇంటి మనిషైంది. బళ్లారి పట్టణంలో తెలుగు మాట ఇప్పటికీ మామూలే. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రకాశం జిల్లాలోకి పోయాయి. దాంతో దత్తమండలాల నేలలో అవీ సీమ లెక్కలోంచి జారిపోయాయి. వానల లేమిలో, వెనకబాటులో మాత్రం వాటికి పక్కనున్న నంద్యాలతోనే పోలిక ఎక్కువ. నా మటుకు నాకు అది సరిహద్దు గీతల తప్పే.

2022 ఏప్రిల్ 4న సీమ నాలుగు జిల్లాలు ఎనిమిదయ్యాయి. నెల్లూరువైపు గూడూరు, సూళ్లూరుపేట వచ్చి తిరుపతి జిల్లాలో చేరాయి. మరి సూళ్లూరుపేట సీమా, కోస్తానా? 1910లో కడప నుంచి అనంతపురానికి మారిన కదిరి, ఈసారి పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి వెళ్లింది. 1911లో కడపను విడిచిన మదనపల్లె, కడప జిల్లా నుంచే వచ్చిన రాయచోటితో నూటపదకొండేళ్లకు మళ్లీ ఒకే జిల్లాలో కలిసింది. అప్పట్లో జిల్లా కేంద్రం రాయచోటి అన్నారు. మదనపల్లెవాళ్లు జిల్లా మాకే కావాలని రోడ్డెక్కారు.