బోర్డు మీద పేరు మనది, కాగితం ఎవరి పేరు మీద ఉన్నది?

ఈ ఆదివారం పోస్టు జర పెద్దది. ఇక్కడ సొంతంగా చిన్న పని పెట్టుకున్నోళ్లు, పెట్టుకుందామనుకునేటోళ్లు ఆఖరిదాకా చదవండి.

పోయిన నెల ఒక దోస్తు ఫోన్ చేసిండు. లండన్ దగ్గర టైల్స్ పని చేస్తడు, మన కరీంనగర్ దిక్కు మనిషే. "అన్నా, నా వెబ్‌సైట్ తెరుస్తలేదే. మూడేండ్ల కింద చేసిచ్చినాయన ఫోన్ ఎత్తుతలేడు" అన్నడు. వ్యాన్ మీద, కార్డుల మీద, టీషర్టు మీద అదే అడ్రస్. "పేరు ఎవరి మెయిల్‌తోని కొన్నరు తమ్మీ?" అని అడిగిన. "ఆయనదే అన్నా. నాకేం తెలుసు, పైసలు ఇచ్చిన, అంతే" అన్నడు. అప్పుడు నాకు బ్రైటన్‌ల ఒక పాత ముచ్చట గుర్తొచ్చింది.

నేను బ్రైటన్‌లో సైట్ చూస్తున్నప్పుడు లంచ్ టైంల సముద్రం ఒడ్డుకు పోయేటోణ్ని. అక్కడ క్వీన్స్ హోటల్ ఉంటుంది. ఆ జాగాలో 200 ఏండ్ల కింద మన దేశపాయన స్నానాల ఇల్లు నడిపాడు. పేరు షేక్ దీన్ మహమ్మద్. పుట్టింది 1759లో, పాట్నాలో. కంపెనీ సైన్యంలో పనిచేసి 1784లో ఐర్లాండ్ వచ్చాడు. అక్కడమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. 1810లో లండన్ జార్జ్ స్ట్రీట్‌లో 'హిందుస్తానీ కాఫీ హౌస్' తెరిచాడు. కాఫీ అని పేరేగానీ అమ్మింది మన కూరలు, మన హుక్కా. ఈ దేశంలో ఇండియావాళ్లు పెట్టిన మొదటి హోటల్ అదే అంటారు. 2005లో ఆ వీధిలో ఆకుపచ్చ ఫలకం కూడా పెట్టారు.

1811 మార్చిలో ఆయన టైమ్స్ పత్రికలో ప్రకటన వేయించాడు. హోటల్ ఎక్కడుంది, ఏం దొరుకుతుంది, ఎవరి కోసం, అన్నీ రాయించాడు. కానీ ఇండియాలో పనిచేసి వచ్చిన దొరలకు ఇంట్లోనే వంటోళ్లు ఉండేవాళ్లు. మామూలు జనానికి ఆ తిండి అలవాటు లేదు. 1812లో దివాలా తీశాడు. మరుసటేడు అదే పత్రికలో ఇంకో ప్రకటన ఇచ్చాడు, ఈసారి బట్లర్ పని కావాలని. హోటల్ ఓనరు మళ్లీ నౌకరీ కోసం అడగడం ఎంత కష్టమో గల్ఫ్ పోయొచ్చిన మనకు చెప్పనక్కర్లేదు.

1814లో భార్యతో బ్రైటన్ చేరి ఆవిరి స్నానం, ఒళ్లు మర్దన మొదలుపెట్టాడు. మన చంపీయే, ఇంగ్లీషులో షాంపూ అయింది. ఈసారి తన గురించి తాను చెప్పుకోవడం ఒక్కటే చేయలేదు, బాగైనవాళ్ల చేత చెప్పించాడు. వాళ్ల ఉత్తరాలు 1820లో పుస్తకంగా వేశాడు. నడక వచ్చినవాళ్లు వదిలిపోయిన చంకకర్రలు గోడకు తగిలించాడు. ఇవ్వాళ మనం రివ్యూ అంటున్నది ఇదే. నాలుగో జార్జ్ రాజు, ఆయన తర్వాత నాలుగో విలియం కూడా ఈయననే పెట్టుకున్నారు.

ఇక అసలు సంగతి. స్నానాల ఇంటికి పేరు ఈయనది, చెయ్యి ఈయనది. బిల్డింగ్ మాత్రం ఈయనది కాదు, పెట్టుబడి పెట్టిన పార్ట్‌నర్‌ది. ఆ పార్ట్‌నర్ చనిపోయాక 1841లో ఇల్లు వేలానికి వచ్చింది. కొనడానికి ఈయన దగ్గర డబ్బు లేదు. 80 దాటిన వయసులో చిన్న ఇంట్లోకి మారి మళ్లీ మొదలుపెట్టాడు. 1851లో బ్రైటన్‌లోనే పోయాడు.

అదే బ్రైటన్‌లో 1966లో టెలిఫోన్ డైరెక్టరీలో పసుపు కాగితాలు చేర్చారు. ప్లంబర్, తాపీ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, ఎవరి పని కింద వాళ్ల పేర్లు. అదే ఎల్లో పేజెస్, తర్వాత దేశమంతా పాకింది. అక్షరాల వరుసలో ముందు రావాలని కొందరు షాపు పేరుకు ముందు ఏ మీద ఏ తగిలించుకున్నారు. ఆఖరి పుస్తకాలు 2019 జనవరిలో పంచారు, అవి కూడా బ్రైటన్‌లోనే.

ఈలోపు 1991లో మొదటి వెబ్‌సైట్ జనానికి వచ్చింది. చేసినాయన టిమ్ బెర్నర్స్ లీ, లండన్‌వాడే. 1996 నుంచి డాట్ యూకే పేర్ల లెక్క నామినెట్ అనే సంస్థ చూస్తోంది. 1998 జనవరిలో బ్రైటన్‌కు పడమర సెల్సీ ఊర్లో సుడిగాలికి ఇళ్ల కప్పులు లేచిపోయాయి. రిపేరు పేరుతో దొంగ మేస్త్రీలు దిగారు. నమ్మకమైన పనోళ్లెవరో జనానికి తెలియాలని అక్కడే చెకట్రేడ్ పుట్టింది.

పత్రిక పోయి పుస్తకం వచ్చింది, పుస్తకం పోయి ఫోన్ వచ్చింది. జనం అడిగేది మాత్రం మారలేదు: ఎక్కడుంటవు, ఏం పని చేస్తవు, ఇంతకుముందు ఎవరికి చేసినవు?

అందుకని నా అనుభవంల నాలుగు మాటలు:

1. వెబ్‌సైట్ పేరు మీ మెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొనండి. అది కొన్నట్టు కాదు, కిరాయికి తీసుకున్నట్టు. గడువు తేదీ క్యాలెండర్‌ల రాసుకోండి. పేజీలు ఎవరితోనన్నా చేయించుకోండి, తాళం మాత్రం మీ దగ్గరుండాలె.

2. గూగుల్ మ్యాప్‌లో పేరు పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. అది కూడా మీ సొంత అకౌంట్ తోనే చేయండి.

3. మొదటి పేజీల చేసే పని, తిరిగే ఊర్లు, ఫోన్ నంబరు, మీరు నిజంగా చేసిన పని ఫోటోలు ఉండాలె. నెట్‌ల దొరికిన బాత్రూం ఫోటోలు వద్దు.

4. పని అయిన రోజే ఓనర్‌ను రివ్యూ అడగండి. చుట్టాలతో దొంగ రివ్యూలు రాయించకండి. 2025 ఏప్రిల్ 6 నుంచి ఇక్కడ చట్టమే నిషేధించింది.

మా దోస్తుకు పాత పేరు దొరకలేదు. కొత్త పేరు కొన్నడు, ఆయన కార్డుతోనే. నిన్న వ్యాన్ మీద పాత స్టిక్కర్ గీకి కొత్తది అతికిస్తుంటే నేను పక్కనే ఉన్న. పాత అక్షరాల మచ్చ ఇంకా కనబడుతున్నది. "ఉండనీ అన్నా, యాదికుంటది" అన్నడు.

మీ వెబ్‌సైట్ ఎవరి పేరు మీద ఉందో ఇవ్వాళే చూసుకోండి.