ఇంటి కాపలాకి ఏ తుపాకీ?

24 ఏళ్ళు ఫౌజులో ఆయుధం మోసి, సుబేదారుగా రిటైరయి ఊరొచ్చాక, సొంతానికి ఏ తుపాకీ కొనాలో తెలియక తికమకపడ్డాను. సర్వీసులో మనం కాల్చిన 7.62, 9 ఎం.ఎం. సివిల్‌లో నిషేధిత బోరు కదా!

1878లో లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టం మనవాళ్ళకు లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లదొరలను మాత్రం మినహాయించింది. దాని స్థానంలో 1959 నాటి చట్టం 1962లో అమల్లోకొచ్చింది. మనిషికి మూడే ఆయుధాలని 1983లో, రెండేనని 2019లో సవరించారు.

నా లెక్కలో ఇంటికి పనికొచ్చేవి రెండే. కాన్పూరు .32 రివాల్వరు, లేదంటే 12 బోరు డబుల్ బ్యారెల్. రివాల్వరు దిండు కింద పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అదే భయం. డబుల్ బ్యారెలయితే విడదీసి బీరువాలో పెట్టి, తూటాలు వేరేచోట దాచొచ్చు. బ్యాంకు గార్డు ఉద్యోగానికీ అదే అక్కరకొస్తుంది. అదే తీసుకున్నాను. (ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పజెప్పే తిరుగుడు మాత్రం తప్పలేదు.)

ఒక రాత్రి ఎవరో గోడ దూకిన చప్పుడు. నేను తుపాకీ జతచేసి తూటా ఎక్కించేలోపు మా ఆవిడ వరండా లైటు వేసింది. "పెదనాన్నా, నేనే" అన్నాడు మా తమ్ముడి కొడుకు. ఆఖరి బస్సు దిగి, మమ్మల్ని లేపడం ఎందుకని గోడ దూకాడట.

రివాల్వరయితే అప్పటికే చేతిలో ఉండేది. మర్నాడే గేటుకి ఇంకో తాళంచెవి చేయించి వాడికిచ్చాను.